నేపుల్స్‌ను పంచుకున్న చేతులు: రోసి సినిమా రెండు డిస్కుల సెట్

ఇటలీ దర్శకుడు ఫ్రాంచెస్కో రోసి నేపుల్స్ నగరం మీద 1963లో తీసిన ‘లే మానీ సుల్లా చిట్టా’ ఆ ఏడాదే వెనిస్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి గోల్డెన్ లయన్ గెలుచుకుంది. పేరుకి అర్థం ‘నగరం మీద చేతులు’. మేటి సినిమాలను డిస్కులుగా తెచ్చే అమెరికా సంస్థ క్రైటీరియన్ 2006లో దీన్ని రెండు డిస్కుల డీవీడీ సెట్‌గా తెచ్చింది. రాజకీయాలూ భూమి వ్యాపారమూ ఎక్కడ కలుస్తాయో ఇంత నిక్కచ్చిగా చూపించిన సినిమా ఇటలీలో ఇంకొకటి లేదు. సెట్ కొనదగ్గదే. అయితే దేనికోసం కొంటున్నారో, ఎలా చూడాలో ముందే తెలిస్తే డబ్బు గిట్టుబాటవుతుంది.

మొదటి సన్నివేశాన్ని రెండుసార్లు చూడాలి. బిల్డర్, మునిసిపల్ కౌన్సిలర్ కూడా అయిన ఎదువార్దో నొట్టోలా ఊరి బయట ఖాళీ పొలాల్లో నిలబడి తోటి పెద్దలకు లెక్క చెబుతుంటాడు. నగర విస్తరణకి వేసిన మాస్టర్ ప్లాన్ ప్రకారం ఊరు పెరగాల్సిన వైపు భూమి ధర అప్పటికే పెరిగిపోయింది. మరి ప్లాన్‌నే ఇటు తిప్పేస్తే? ఈ రోజు చదరపు మీటరు 300, 500, మహా అయితే 1000 లీరాలు (అప్పటి ఇటలీ కరెన్సీ). రేపు 60, 70 వేలు. లాభం 5000 శాతం. రోడ్లు, మంచినీళ్లు, మురుగుకాల్వలు, కరెంటు నగరపాలన ఖర్చుతో వస్తాయి. ఇందులో ఎక్కడా లంచం లేదు, కవర్లు చేతులు మారవు. ప్రజల సొమ్ముతో వేసే పైపు ఎవరి పొలం పక్కనుంచి వెళ్లాలన్నదే మొత్తం వ్యవహారం. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా సినిమా అంతా అర్థమవుతుంది.

తర్వాత పాతబస్తీలో నొట్టోలా సంస్థ పని జరుగుతున్న చోటుకి ఆనుకుని ఉన్న ఇల్లు ఒక పక్క కూలిపోతుంది. ఇద్దరు చనిపోతారు, ఒక పిల్లవాడు కాళ్లు పోగొట్టుకుంటాడు. విచారణ సంఘం ఆఫీసు తర్వాత ఆఫీసు తిరుగుతుంది. ప్రతి బల్ల దగ్గరా ఒకటే జవాబు: మా కాగితం సరిగ్గానే ఉంది, మిగతాది పక్క విభాగాన్ని అడగండి. నిజంగానే ప్రతి కాగితమూ సరిగ్గానే ఉంటుంది. నేరం కాగితాల్లో కాదు, వాటి మధ్య ఖాళీల్లో ఉందని రోసి చూపిస్తాడు. ఆ మీదట ప్రమాదం పేరు చెప్పి ఆ సందులో వాళ్లందరినీ పోలీసులతో ఖాళీ చేయిస్తారు. జనం భద్రత కోసం అంటారు. ఖాళీ అయిన స్థలం మాత్రం బిల్డర్‌కే కలిసొస్తుంది. చాలామంది గమనించకుండా దాటేసే మలుపు ఇదే.

కొత్తవాళ్లు తికమకపడేది కౌన్సిల్ సన్నివేశాల్లో. ఒకేసారి పదిమంది అరుస్తుంటే సబ్‌టైటిల్ ఒకరి మాటే ఇవ్వగలదు. అందుకని మూడు మొహాలు గుర్తుపెట్టుకోండి: మితవాదుల (రైట్ వింగ్) నాయకుడు మల్యోనే, మధ్యేవాదుల నాయకుడు దే ఆంజెలీ, వామపక్షం నుంచి ప్రశ్నలు వేసే దే వీతా. నొట్టోలాకి కావలసింది భవన నిర్మాణ శాఖ పగ్గాలు. గొడవ చల్లారేదాకా పక్కన ఉండమని మల్యోనే అంటే, అతను తన మనుషులతో సహా గోడ దూకి మధ్యేవాదుల్లో చేరతాడు. ఇక అక్కణ్నుంచి లెక్కంతా ఓట్లదే. మధ్యేవాదుల్లోనే బల్సమో అనే డాక్టర్ మనస్సాక్షి ఒప్పుకోక ఎదురు తిరుగుతాడు. దే ఆంజెలీ కోప్పడకుండా, మెత్తగా, తండ్రి కొడుక్కి చెప్పినట్టు అతన్ని దారికి తెచ్చుకునే తీరు రాడ్ స్టైగర్ నటించిన నొట్టోలా గర్జనల కంటే ఎక్కువ భయపెడుతుంది. దే ఆంజెలీ పాత్ర వేసిన సాల్వో రాందోనే నటన ఈ సినిమాకి ప్రాణం.

దే వీతాగా చేసిన కార్లో ఫెర్మరియెల్లో వృత్తి నటుడు కాదు, నేపుల్స్ కమ్యూనిస్టు కార్మిక నాయకుడు. తర్వాత సెనేటర్ అయ్యాడు. సభలో మాట్లాడేటప్పుడు ఆ గొంతులో ఉన్న అలవాటు నటనతో వచ్చేది కాదు.

ఇక డిస్క్ సంగతి. జాన్ని దీ వెనాంజో నలుపు తెలుపు ఛాయాగ్రహణం 1.85:1 నిష్పత్తిలో, శుభ్రంగా ఉంది. హెలికాప్టర్‌లోంచి తీసిన మొదటి దృశ్యాల్లో కాంక్రీటు భవనాల కిటికీలు విడివిడిగా కనబడాలి. అవి తెల్లగా కలిసిపోతుంటే లోపం టీవీ సెట్టింగుల్లో ఉండి ఉంటుంది: ‘వివిడ్’ మోడ్, మోషన్ స్మూతింగ్ రెండూ తీసేయండి. శబ్దం మోనో, అంటే ఒకే ఛానల్. దాన్ని సరౌండ్‌గా మార్చే మోడ్ పెడితే సభలో మాటలు చెదిరిపోతాయి, కాబట్టి స్టీరియోలోనే వినండి. డిస్కులు రీజియన్ 1వి, అంటే ఉత్తర అమెరికా ప్లేయర్ల కోసం చేసినవి. ప్లేయర్ అన్ని రీజియన్లనూ చదివేదై ఉండాలి. కంప్యూటర్ డ్రైవ్‌లో అయితే రీజియన్‌ను మామూలుగా ఐదుసార్లే మార్చుకోవచ్చు, ఆ తర్వాత అది అక్కడే ఆగిపోతుంది. సబ్‌టైటిళ్లు ఇంగ్లీషులోనే. మెరుగైన చిత్రం ఒక్కటే కావాలనుకునేవాళ్లు బ్లూ-రే వెతుక్కోవడం మంచిది.

ఈ సెట్ విలువంతా రెండో డిస్కులో ఉంది. రోసితోనూ, రచయితల్లో ఒకరైన రఫాయెలే లా కప్రియాతోనూ ఇంటర్వ్యూలు ఉన్నాయి. వాటికి మించింది ‘దియారియో నపొలెతానో’: 1992లో రోసి నేపుల్స్‌కి తిరిగి వెళ్లి, పాత సినిమాని ఆర్కిటెక్చర్ విద్యార్థుల ముందు పెట్టి, ఊరంతా తిరిగి తీసిన పూర్తి నిడివి చిత్రం. సాగదీతగా అనిపించే చోట్లు ఉన్నాయి, అయినా వదలొద్దు. కాకపోతే మొదటి సినిమా చూసిన రోజే కాకుండా మర్నాడు చూడండి.

నేపథ్యం ఈ డిస్కుల్లో కావలసినంత దొరకదు. 1952 నుంచి 1957 దాకా నేపుల్స్ మేయర్‌గా ఉన్న నౌకల యజమాని అకిల్లే లౌరో కాలం తెలిసుంటే, సినిమాలో మేయర్ పేద ఆడవాళ్లకి నోట్లు పంచే దృశ్యం ఎక్కడిదో అర్థమవుతుంది. ఇటలీ పట్టణ ప్రణాళికా చట్టం 1942 నుంచీ ఉన్నదే. 1962లో ప్రజాపనుల మంత్రి ఫియొరెంతీనో సుల్లో భూమి మీద వచ్చే లాభాన్ని అదుపు చేసే సంస్కరణ తెస్తే, 1963 ఎన్నికల ముందు సొంత పార్టీయే ఆయన్ని ఒంటరిని చేసింది. సినిమా తెరమీదికి వచ్చింది ఆ సంవత్సరమే.