మోనెంవాసియా కోటలో రూమ్ బుక్ చేసేవాళ్ళు కాస్త ఆగండి, అడ్రస్‌లో ఆ పేరుంటే కోట అని కాదు

గ్రీస్ వెళ్ళే ప్లాన్‌లో ఉన్నవాళ్ళు, ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు ఇది చదివాకే డబ్బులు కట్టండి. మేం 2025 మే నెలలో 3 రాత్రులకి 459 యూరోలు పోసి, కోటలో ఉంటాం అనుకుని వెళ్ళి ఆలివ్ తోటలో పడ్డాం.

ముందు ఊరి గురించి చెప్పాలి, ఎందుకంటే మమ్మల్ని ముంచింది ఆ ఊరి పేరే. మోనెంవాసియా అంటే గ్రీస్ దక్షిణాన ఉన్న పెలొపొనీస్ ద్వీపకల్పానికి ఆగ్నేయం మూల, తీరానికి ఆనుకుని సముద్రంలో నిలబడ్డ పెద్ద బండ. క్రీ.శ. 375లో భూకంపానికి నేల నుంచి తెగిపోయిందని చెప్తారు, ఇప్పుడు చిన్న కట్ట మీద రోడ్డు ఒక్కటే దారి, ఆ పేరుకి అర్థం కూడా ఒకే ప్రవేశం అనే. ఒడ్డు నుంచి చూస్తే ఒక్క ఇల్లు కనపడదు, ఉత్త బండే. కట్ట దాటి రాయి పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్తే గేటు వస్తుంది, గేటు లోపల దారి కూడా తిన్నగా ఉండదు, వంకర తిరిగి ఉంటుంది, అది దాటాక ఒక్కసారిగా ఊరు మొత్తం కళ్ళముందు పడుతుంది. బైజాంటైన్ వాళ్ళు, వెనిస్ వాళ్ళు, టర్కీ వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఏలిన ఊరు, 1821లో గ్రీకుల చేతికొచ్చింది. కారు, బైకు ఏదీ లోపలికి పోదు. ఈ గోడల లోపలి ఊరినే అక్కడ కాస్ట్రో అంటారు. కట్టకి ఇవతల ఒడ్డున ఉన్నది గెఫిరా, మామూలు ఊరు, హోటళ్ళు, సూపర్‌మార్కెట్లు అన్నీ ఉంటాయి.

ఇంతవరకు అందరికీ తెలుసు. మాకు తెలియని ముక్క ఏంటంటే 2011 నుంచి చుట్టుపక్కల ఐదు మునిసిపాలిటీల్ని కలిపేసి దానికి కూడా మోనెంవాసియా అనే పేరు పెట్టారు. దాని ఆఫీసు కోటలో లేదు, గెఫిరాలోనూ లేదు, 20 కిలోమీటర్ల పైన మొలాయి అనే ఊళ్ళో ఉంది. కింద నెయాపోలి దాకా, అంటే కితిరా దీవికి ఫెర్రీ ఎక్కే ఊరు దాకా, కాగితం మీద అంతా మోనెంవాసియానే. షాద్‌నగర్ అవతల ప్లాటుకి హైదరాబాద్ అని బోర్డు కట్టి హైటెక్ సిటీకి అరగంటే అని రాసే బాపతు ఇక్కడ కూడా ఉంటారని మనం ఊహించం కదా, యూరప్ అనేసరికి మన బుర్ర కొంచెం సెలవు పెడుతుంది.

సరే జరిగింది ఇది. మేం జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో ఉంటాం. అత్తయ్య, మావయ్య తెనాలి నుంచి విజిటింగ్ వీసా మీద వచ్చారు. శాంటొరినీ రేట్లు చూసి కళ్ళు తిరిగి, జనం తక్కువ ఉండే పాత ఊరు ఏదైనా చూద్దాం అని నేనే ఇది వెతికి పట్టాను, కాబట్టి ఇంట్లో నా పరువు కూడా దీని మీదే ఉంది. బుకింగ్ సైట్‌లో ప్రకటన చూస్తే రాతి ఇల్లు, మోనెంవాసియా, కాజిల్ ఎక్స్‌పీరియన్స్, సీ వ్యూ అని ఉంది. ఎక్స్‌పీరియన్స్ అన్నాడు గానీ లోపల అనలేదు చూడండి, ఆ తెలివి నాకు తర్వాత వెలిగింది. ఫోటోలో ఎర్ర పెంకుల చర్చి గుమ్మటం, దాని కింద నీలం సముద్రం. మ్యాప్ నేను జూమ్ చేయలేదు. మెసేజ్ పెడితే ఇంటాయన పది నిమిషాల్లో జవాబిచ్చాడు, సైట్‌లో 540 యూరోలు, నేరుగా ట్రాన్స్‌ఫర్ చేస్తే 15 శాతం తగ్గిస్తా అన్నాడు. మా ఆయన వెంటనే 81 యూరోలు మిగిలితే మూడు డిన్నర్లు వస్తాయి అని లెక్క వేసేశాడు. కట్టేశాం. ఐబ్యాన్ నంబర్, అంటే ఆయన బ్యాంకు అకౌంట్ నంబర్, గ్రీస్ కోడ్ జీఆర్‌తో కాకుండా వేరే దేశం కోడ్‌తో మొదలైంది, అది చూసి కూడా ఇప్పుడంతా ఆన్‌లైన్ బ్యాంకులే కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఏథెన్స్‌లో కారు తీసుకుని కోరింత్, ట్రిపోలి, స్పార్టా మీదుగా వెళ్ళాం. 300 కిలోమీటర్ల పైనే, పెద్దవాళ్ళతో ఆగుతూ ఆగుతూ సాయంత్రమైంది. ఒక మలుపు తిరిగాక సముద్రంలో ఆ బండ కనపడింది, కార్లో అందరం ఓ అన్నాం, మావయ్య ఫోన్ తీసి వీడియో కూడా మొదలెట్టారు. సరిగ్గా అప్పుడే ఇంటాయన లొకేషన్ పంపాడు. జీపీఎస్ కుడికి తిప్పమంది. తిప్పాం, ఇంకా పైకి పొమ్మంది, పోయాం. అద్దంలో రాయి చిన్నదవుతా ఉంది. వెనక సీట్లోంచి అత్తయ్య చాలా నెమ్మదిగా, "అమ్మాయ్, కోట అటుంది కదా, మనం ఇటెందుకు పోతున్నాం?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

కట్ట దగ్గర నుంచి 19 కిలోమీటర్లు. మీటర్ చూసి మరీ చెప్తున్నా. రాతి ఇల్లు అన్నది అబద్ధం కాదు, ముందు గోడకి రాతి పలకలు అతికించాడు. సీ వ్యూ కూడా ఉంది, డాబా మీద సోలార్ హీటర్ ట్యాంకు పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి నిలబడితే రెండు ఆలివ్ చెట్ల మధ్య వేలెడంత నీలం గీత. ఇంటాయన్ని అడిగితే కోపం లేదు, సిగ్గు లేదు, నవ్వుతూ అడ్రస్‌లో మోనెంవాసియా అని ఉందా లేదా, ఇది మోనెంవాసియానే అన్నాడు. కాగితం ప్రకారం కరెక్టే! మరి ఫోటో అంటే, ఇది మా ఊరి ఫోటో అన్నాడు. ఆ ఫోటోలో ఉన్నది తన ఇల్లు అని ఎక్కడా రాయలేదు. మర్నాడు కాస్ట్రోకి వెళ్ళినప్పుడు ఆ ఫోటో తీసిన చోటు దొరికింది, సందులో గోడ దగ్గర, ఎవరైనా నిలబడి తీసుకోవచ్చు, మేమూ ఒకటి తీసుకున్నాం.

ఇంతటితో అయిపోలేదు. బస చేసేవాళ్ళు కట్టే క్లైమేట్ ట్యాక్స్ అని మనిషికి రోజుకి 8 యూరోల చొప్పున నలుగురికి 3 రాత్రులకి 96 యూరోలు క్యాష్ ఇమ్మన్నాడు. ఈ పన్ను నిజంగానే ఉంది, 2024 నుంచి వసూలు చేస్తున్నారు, 2025లో పెంచారు. కానీ అది మనిషికి కాదు, రాత్రికి ఇంటికో రూముకో. ఇలాంటి అద్దె అపార్ట్‌మెంట్‌కి ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా 8 యూరోలు, చలికాలం 2. విడి ఇల్లయి 80 చదరపు మీటర్లు దాటితే సీజన్‌లో 15. మాది ఆ ఇంట్లో కింద రెండు గదుల పోర్షన్, అంటే 24 యూరోలు. రసీదు ఇవ్వండి, లేకపోతే టూరిస్ట్ పోలీస్ 1571కి ఫోన్ చేసి కనుక్కుంటాం అన్నాం. ఇంగ్లీష్ సరిగ్గా రాదన్న మనిషికి అప్పుడు బ్రహ్మాండంగా వచ్చింది, 24కి దిగాడు. 459 మాత్రం తిరిగి రాలేదు. సైట్ ద్వారా కడితే కనీసం కంప్లయింట్ పెట్టడానికి ఒక చోటుండేది, మేం నేరుగా ట్రాన్స్‌ఫర్ చేశాం కాబట్టి మా బ్యాంకు కూడా మీరే పంపారు కదా అనేసింది.

తర్వాత తెలిసిన ఇంకో విషయం, అక్కడ ఇలా రోజువారీ అద్దెకిచ్చే ఇంటిని పన్నుల శాఖ దగ్గర నమోదు చేసి ఏఎంఏ అనే నంబర్ తీసుకోవాలి, ఆ నంబర్ ప్రకటనలో కనపడాలి. హోటల్, గెస్ట్‌హౌస్ అయితే వాటికి వేరే లైసెన్స్ నంబర్ ఉంటుంది. మావాడి ప్రకటనలో ఏదీ లేదు, అసలు చూడాలనే నాకు తెలీదు. మీరు మాత్రం నంబర్ అడగండి, ఇవ్వకుండా నీళ్ళు నమిలితే వదిలేయండి.

మూడో రాత్రి అక్కడ ఉండలేక గెఫిరాలో కాఫీ తాగుతూ కాస్ట్రో లోపల గెస్ట్‌హౌస్‌లకి వరసగా ఫోన్లు చేశాం. ఒకావిడ ఎత్తి, రేటు చెప్పకముందే పెద్దవాళ్ళున్నారా అని అడిగింది. ఉన్నారు అంటే, గేటు నుంచి ఏడు నిమిషాల నడక, నున్నటి రాళ్ళు, చివర్లో 22 మెట్లు, పట్టుకోవడానికి రెయిలింగ్ లేదు, ఆలోచించుకుని చెప్పండి అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది, మూడు రోజుల్లో నిజం చెప్పిన మొదటి మనిషి. మెట్లు లెక్కపెట్టాను, 22 ఉన్నాయి. అత్తయ్య ఒక చేత్తో గోడ, ఒక చేత్తో నన్ను పట్టుకుని, మధ్యలో రెండుసార్లు కూర్చుని దిగారు. సూట్‌కేసులు గేటు దాకా షటిల్ బస్సులో తెచ్చి, అక్కడి నుంచి మా ఆయన మోశాడు, ఆ రాళ్ళ మీద చక్రాలు తిరగవు. 81 యూరోల మిగులు ఆయన భుజాల మీదే తీరింది.

కాస్ట్రో మాత్రం బాగుంది, అది చెప్పకపోతే అన్యాయం. సాయంత్రం బస్సుల్లో వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక ఎల్కోమెనోస్ చర్చి ముందు చౌకులో పాత ఫిరంగి పక్కన అత్తయ్య కూర్చుంటే, ఒక ముసలావిడ పక్కన చేరి బాదం స్వీట్లు, అమిగ్దలోటా అంటారు, రెండు చేతిలో పెట్టింది. ఆవిడకి తెలుగు రాదు, ఈవిడకి గ్రీకు రాదు, గంటసేపు మోకాళ్ళ గురించే మాట్లాడుకున్నారనుకుంటా, చేతులతో చూపించుకోవడం బట్టి. మావయ్య బండ పైన ఉన్న పాత పై ఊరికి ఎక్కి, కొండ అంచున ఉన్న 12వ శతాబ్దం ఆగియా సోఫియా చర్చి చూసొచ్చారు. పైకి దారి మెలికలు మెలికలుగా మెట్లే, నీడ లేదు, మధ్యాహ్నం ఎక్కకండి.

కాబట్టి డబ్బు కట్టేముందు ఇంటాయనకి ఒక్క మెసేజ్ పెట్టండి, ఇల్లు కాస్ట్రో గోడ లోపల ఉందా, గేటు నుంచి ఎన్ని నిమిషాలు, ఎన్ని మెట్లు అని, జవాబు రాతలో తీసుకోండి. దగ్గరే, వెరీ క్లోజ్, ఫైవ్ మినిట్స్ బై కార్ లాంటివి వస్తే అది కోట కాదు, ఎందుకంటే కోటలోకి కారే పోదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళైతే నిజానికి గెఫిరాలో ఉండి పగలు షటిల్‌లో వెళ్ళి రావడమే మంచిది, రేటు కూడా తక్కువ.

ఇంటాయన ప్రకటన నిన్న మళ్ళీ కనపడింది. అదే గుమ్మటం ఫోటో. నేను పెట్టిన మెసేజ్‌లు పనిచేసినట్టున్నాయి, కాజిల్ ఎక్స్‌పీరియన్స్ తీసేసి కోటకి దగ్గర్లో అని మార్చాడు.