గద్వాల చీరల దుకాణం: పగటి వెలుగులో రంగు చూపించే పద్ధతి

గద్వాలలోని ఈ చేనేత చీరల దుకాణాన్ని మెచ్చుకోవడానికి నాకున్న మొదటి కారణం, ధర మాట్లాడకముందే యజమాని చీరను వాకిట్లోకి తెచ్చి పగటి వెలుగులో చూపించడం. మన కంటికి సుమారు 380 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతి మాత్రమే కనిపిస్తుంది. ఆ పరిధిలో రంగులను గుర్తించే శంకు కణాలు మూడు రకాలే కాబట్టి, వేర్వేరు అద్దకాలు వేసిన రెండు పోగులు ఒక దీపం కింద ఒకే రంగుగా కనిపించి, ఎండలో వేరుగా తేలవచ్చు. గద్వాల చీరకు ఈ పరీక్ష మరీ అవసరం, ఎందుకంటే దాని ఒళ్లు నూలుతోనూ, అంచు, కొంగు పట్టుతోనూ నేస్తారు. నూలుకూ పట్టుకూ అద్దకం ఒకే తీరున పట్టదు.

నేను మొదట ఎంచిన ముదురు ఆకుపచ్చ చీర అంచు, దుకాణం లోపలి ఎల్‌ఈడీ దీపాల కింద ఒంటితో చక్కగా కలిసినట్టే ఉంది, బయట మాత్రం నీలం వైపు మొగ్గింది. ఆ తేడాను యజమానే ముందుగా చూపి, వేరే చీరలు తీశారు. ఇంత నిజాయితీ అరుదు. నేత, జరీ, ధర అన్నీ సంతృప్తికరమే.

లోపమల్లా లోపలి దీపాలదే. చీకటి పడ్డాక వచ్చేవారికి వాకిలి పనికిరాదు కనుక, సీఆర్‌ఐ (దీపం కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సూచిక) 90 దాటిన దీపం ఒక్కటైనా గల్లా దగ్గర పెట్టాలి. అప్పటివరకు పగటిపూటే వెళ్లండి.