నిరామయ పాలసీ: పద్దెనిమిది నిండాక ఎంతవరకు పనికొస్తుంది?

వైకల్యం ఉన్న పిల్లవాడికి 18 నిండగానే నిరామయ ఆరోగ్య బీమా ఆగిపోతుందన్న భయం చాలామంది తల్లిదండ్రుల్లో ఉంది. ఆగదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు నడిపే ఈ పథకానికి వయోపరిమితి లేదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం, ఈ నాలుగింటిలో ఒకటి ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే చాలు, ముందస్తు వైద్య పరీక్షలు కూడా అడగరు. ఏడాదికి కవరేజీ లక్ష రూపాయలు. చేరడానికి దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాలకు 250, మిగతావాళ్లకు 500. రెన్యువల్‌కి వరుసగా 50, 250. ఈ ధరకి బయట ఇలాంటిది దొరకదు. కేవలం చూపు, వినికిడి, కాళ్లూ చేతుల వైకల్యం ఉన్నవాళ్లకు మాత్రం ఇది వర్తించదు.

లక్ష అనగానే ఆసుపత్రి బిల్లు తీరిపోతుందనుకోవడం దగ్గరే తేడా వస్తుంది. ఆ లక్ష ముక్కలై ఉంటుంది. సర్జరీకి ఇంత, అడ్మిషన్‌కి ఇంత, ఓపీకి, పళ్లకి, థెరపీకి, రవాణాకి ఇంత అని దేని పరిమితి దానిదే. ఒకదాంట్లో మిగిలింది ఇంకోదానికి వాడుకోలేం. పైగా ముందు మనం కట్టి, తర్వాత తెచ్చుకోవాలి. విశాఖలో ఆరిలోవ హెల్త్ సిటీ వైపు ఏదైనా కార్పొరేట్ ఆసుపత్రిలో వారం రోజులు ఉండాల్సి వస్తే నిరామయ ఒక మూలకే వస్తుంది. అలాంటి వాటికి అర్హత ఉన్నవాళ్లు రాష్ట్ర ప్రభుత్వ పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవనే నమ్ముకోవాలి. అది నగదు రహితం. పిల్లవాడి పేరు కుటుంబ కార్డులో ఉందో లేదో వార్డు సచివాలయంలో ఇప్పుడే చూసుకోండి, అత్యవసరంలో కాదు.

నిరామయ నిజంగా ఆదుకునేది థెరపీల్లో, ఓపీలో. మామూలు పాలసీలు వీటిని దాదాపు ముట్టవు. కాకపోతే బిల్లు సరిగ్గా ఉండాలి. "స్పీచ్ థెరపీ, నెలకి 4,000" అని ఒక్క లైన్ రాసిచ్చే సెంటర్లు ఊళ్లో బోలెడున్నాయి, అలాంటి బిల్లుకి కొర్రీ పడుతుంది. ఏ తేదీన ఏ సెషన్, ఒక్కోదానికి ఎంత, థెరపిస్టు అర్హత, రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర, ఇవన్నీ అడిగి రాయించుకోండి. స్పీచ్ థెరపిస్టుకి, స్పెషల్ ఎడ్యుకేటర్‌కి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) నంబరు ఉంటుంది. ఫిజియోథెరపిస్టులు ఆ జాబితాలోకి రారు, వాళ్లని ఆర్‌సీఐ నంబరు అడిగి ప్రయోజనం లేదు. ఆ థెరపీ అవసరమని డాక్టరు రాసిన చీటీ జతచేయండి. ఒరిజినల్స్ పంపేముందు జిరాక్సులు దాచుకోండి. మార్చిలో అన్నీ మూటగట్టి పంపుదామనుకుంటే క్లెయిమ్ గడువు దాటిన బిల్లులు గాల్లో కలిసిపోతాయి.

పాలసీ ఏడాది ఏప్రిల్ 1 నుంచి మార్చి 31. జనవరిలో చేరినా మార్చి ఆఖరుకే ముగుస్తుంది, అందుకే వేసవి మొదట్లో చేరడం లాభం.

18 దగ్గర అసలు చిక్కు పాలసీలో లేదు, బ్యాంకులో ఉంది. మైనర్ ఖాతాను నడిపే హక్కు తల్లిదండ్రులకు ఆ రోజుతో పోతుంది. మేధో వైకల్యం వల్ల స్వయంగా సంతకం చేయలేని పిల్లలకు నేషనల్ ట్రస్టు చట్టం, 1999 కింద సంరక్షకుల నియామకం కావాలి. కలెక్టరు నేతృత్వంలోని స్థానిక స్థాయి కమిటీకి ఫారం-ఏలో దరఖాస్తు చేయాలి. ఆ కమిటీ ఇచ్చిన సర్టిఫికెట్‌తో బ్యాంకు ఖాతా నడపనిస్తుంది. పరవాడ, సబ్బవరం వాళ్లు విశాఖ కలెక్టరేట్‌కి వచ్చి తిరిగెళ్తుంటారు పాపం. 2022 ఏప్రిల్ నుంచి వాళ్లది అనకాపల్లి జిల్లా. పద్దెనిమిది నిండే ముందే కాగితాలు సిద్ధం చేసుకుంటే మంచిది, ఖాతా ఆగాక క్లెయిమ్ డబ్బులు ఎక్కడ పడతాయో తెలియక తల పట్టుకోవాలి.

రెండో గండం 25. ఆఫీసు గ్రూపు పాలసీలు, ఫ్యామిలీ ఫ్లోటర్లు (ఇంటిల్లిపాదికీ కలిపి తీసుకునే పాలసీలు) ఎక్కువగా అక్కడే పిల్లల్ని తీసేస్తాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం సీజీహెచ్ఎస్, కార్మికుల బీమా ఈఎస్ఐ మాత్రం తల్లిదండ్రులపై ఆధారపడిన వికలాంగ సంతానాన్ని వయసు దాటినా కొనసాగిస్తాయి. పోర్టు, ఉక్కు, రైల్వే ఉద్యోగులు తమ సంస్థ వైద్య నిబంధనల్లో దీని గురించి ఉన్న పేరా చదివి, సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనల్ సెక్షన్ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. నోటిమాట వద్దు.

ప్రైవేటు పాలసీ కూడా కావాలంటే ఇరవై అయిదు దాకా ఆగకండి. 2023 ఫిబ్రవరి నుంచి వికలాంగులకు ప్రతి ఆరోగ్య బీమా కంపెనీ ఒక పాలసీ పెట్టాల్సిందేనని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశం. ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ 36 నెలలు మించకూడదు, కాబట్టి 18కే తీసుకుంటే 21కి ఆ గడువు గడిచిపోతుంది. బిల్లులో మన వాటా ఎంత శాతమో కొనేముందే చూడండి. ప్రపోజల్ ఫారంలో వైకల్యం, మూర్ఛ మందులు, పాత సర్జరీలు అన్నీ రాయండి. ఏజెంటు "అవసరం లేదండీ, నేను చూసుకుంటాను" అంటే ఆ ఫారం ఆయన చేతిలోంచి తీసుకుని మీరే నింపండి. దాచారన్న కారణంతో క్లెయిమ్ తిప్పికొట్టే అవకాశం కంపెనీకి 60 నెలల దాకా ఉంటుంది.