దూలానికి ఉయ్యాల బల్ల: ఏడేళ్ల వాడకం తర్వాత

మా తాతగారి మండువా ఇంటి సావిట్లో ఉయ్యాల బల్ల కట్టి ఈ సంక్రాంతికి ఏడేళ్లు. కొనేటప్పుడు మా ధ్యాసంతా బల్ల మీదే. టేకు, ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ఆ బల్లతో ఇప్పటిదాకా ఏ పేచీ లేదు. తలనొప్పంతా పైన, దూలం దగ్గర.

మొదట ఒక కుర్రాడు వచ్చి రెండు దూలాలకీ అడుగు నుంచి డ్రిల్లు వేసి, రెండేసి స్క్రూ కొక్కేలు బిగించి వెళ్లిపోయాడు. అరగంట పని. ఆరు నెలలకి దుప్పటి మీద సన్నటి చెక్కపొడి కనపడింది. చెదలేమోనని టెన్షన్ పడ్డాం. చెదలు కాదు. ఊగినప్పుడల్లా స్క్రూ అటూ ఇటూ కదిలి చెక్కని తినేస్తోంది. ఊళ్లో పెద్ద వడ్రంగిని పిలిస్తే, నిచ్చెన దిగకుండానే తిట్టాడు: "దూలానికి లాగుడంతా అడుగునే ఉంటుంది బాబూ, అక్కడా బెజ్జాలు?"

ఆయన దూలానికి రెండు పక్కలా దిగేలా ఇనుప పట్టీలు చేయించి, దూలం ఎత్తులో సగం దగ్గర ఇటు నుంచి అటు బోల్టు దూర్చి, వాషర్లు వేసి బిగించాడు. ఉయ్యాలని నడిమధ్య నుంచి ఓ గజం గోడవైపు జరిపాడు, దూలం వంగకుండా. ఫలితం: గోడ మీద పిల్లల పాదముద్రలు. సున్నం ఏటా వేయాల్సిందే.

బల్లా కడ్డీలూ ముప్పై అయిదు కిలోలుంటాయి. ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటే రెండు వందల ముప్పై దాటుతుంది. నిలువు నుంచి 30 డిగ్రీల దాకా ఊపితే, కిందికొచ్చే క్షణంలో ఆ బరువు మీద ఇంకో పావు వంతు పడుతుంది. పట్టీలు మాత్రం ఇసుమంతైనా కదల్లేదు.

అరిగేది కడ్డీ తగిలించే కొక్కెమే. నాలుగో ఏడు కడ్డీ తీసి చూస్తే, ఇనుమూ ఇనుమూ రాసుకున్న చోట గోరు దిగేంత గాడి. వెంటనే మార్పించాం. కిర్రుమంటోందని కొబ్బరినూనె రాయొద్దు, దుమ్ము పట్టి నల్లగా కారి కొత్త దుప్పటి పాడైంది. గ్రీజు కొంచెమే చాలు.

పాత ఇల్లయితే గోడలోకి వెళ్లే దూలం కొసని ముందు చూడండి. మాది ఒకటి వాన కారి తడిసింది, స్క్రూడ్రైవర్ పొడిస్తే అర అంగుళం దిగిపోయింది. బరువంతా వేరే దూలానికి మార్చడానికి బల్ల ఖరీదుకి రెట్టింపయింది.

తూర్పు వైపు కొక్కెంలో మళ్లీ గాడి కనిపిస్తోంది. భోగికి ముందే మార్చాలి, అల్లుళ్లు దిగుతారు.