నలభై ఏళ్ళుగా వాడుతున్న లైబ్రరీ కార్డు

మిక్సీలకీ ఫోన్లకీ రివ్యూలు రాస్తున్నారు కదా, నేను అన్నిటికంటే ఎక్కువ కాలం వాడినది లైబ్రరీ కార్డు. ఈలోగా ఇంట్లో నాలుగు మిక్సీలు మారాయి.

1984లో డిగ్రీ అయ్యాక టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్చుకోవడానికి ఖమ్మం వైపు నుంచి హైదరాబాద్ వచ్చి, చిక్కడపల్లి సందులో అక్కా బావల ఇంట్లో దిగాను. ఇన్‌స్టిట్యూట్‌లో గంటసేపు టైపు కొడితే మిగతా రోజంతా ఖాళీ. లైబ్రరీలో చేరదామంటే ఫారం మీద హామీదారు సంతకం కావాలన్నారు, అదీ ఇంటి పన్ను కట్టేవాళ్ళది. మేము అద్దెకున్నవాళ్ళం. ఇంటి ఓనరు గారి దగ్గరికి బావ వెళ్ళలేక నన్నే పంపాడు. ఆయన ఫారం రెండువైపులా తిప్పి చూసి, "సంతకం పెడతానమ్మా, కానీ వారానికొక డిటెక్టివ్ నవల నాకు తెచ్చిపెట్టాలి" అన్నారు. అలా మొదలైంది.

మొదటి కార్డు మా పేటకి దగ్గర్లో ఉన్న ఒక శాఖా గ్రంథాలయానిది. పేరు చెప్పను. రెండు గదులు, మూడు బీరువాలు. ఒక బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. అద్దంలోంచి పుస్తకాల వెన్నులు చదువుకోవడమే. వీక్లీలలో సీరియల్ ఉన్న పేజీలను ఎవరో బ్లేడుతో కోసుకుపోయేవారు. ఓనరు గారికి తీసుకెళ్ళిన ఒక డిటెక్టివ్ నవలలో చివరి నాలుగు పేజీలు లేవు. ఆయన మూడు రోజులు ఆలోచించి హంతకుడు వంటమనిషేనని తేల్చారు. వేరే ప్రతి కోసం చాలా వెతికాను, దొరకలేదు. పాపం ఆ వంటమనిషి.

ఇంకో ఏడాదికి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చేరాను. నా అభిప్రాయంలో అసలు చదువు అక్కడే అయింది. పుస్తకాలకి విషయాన్ని బట్టి అంకెలు వేసే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827 అంకె అని తెలిశాక ఇక ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. బీరువాల మధ్య ఆ అంకె వెన్నుల మీద వెతుక్కుంటూ నడిచేదాన్ని. ఒక పుస్తకం కోసం వెళ్ళి పక్కనున్నది తెచ్చుకోవడం ఎన్నిసార్లు జరిగిందో. ఇప్పుడు ఫోన్‌లో వెతికితే అడిగిందే వస్తుంది, పక్కనున్నది రాదు.

సాయంత్రాల సంగతి ఇంకా బాగుండేది. లైబ్రరీ నుంచి త్యాగరాయ గానసభకి నడిచిపోవచ్చు. రోజూ ఏదో ఒకటి ఉండేది: కచేరీ, నాటిక, పుస్తకావిష్కరణ, ఎవరికో సన్మానం. ప్రవేశం ఉచితం. సన్మానాల్లో శాలువాలు కప్పడానికే సగం టైం పోయేది, అది మాత్రం నలభై ఏళ్ళయినా మారలేదు. కానీ అవధానం ఉందంటే వేరే పనులన్నీ మానుకునేదాన్ని. అవధానిని ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిది మంది. ఒకరు నిషిద్ధాక్షరి (పద్యం చెబుతుంటే తర్వాతి అక్షరం వాడొద్దని అడ్డుపడటం), ఒకరు సమస్య (ఇచ్చిన పాదంతో పద్యం పూర్తి చేయించడం), ఒకరు దత్తపది (ఇచ్చిన మాటలు పెట్టి పద్యం చెప్పించడం). ఒకాయన మధ్యమధ్యలో గంట కొడుతుంటారు, అవెన్నో అవధాని చివర్లో చెప్పాలి. అప్రస్తుత ప్రసంగి మాటిమాటికీ అడ్డు తగులుతూ బయటి విషయాలు అడుగుతాడు. నేను షార్ట్‌హ్యాండ్ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పద్యాలు రాసుకోవడానికి ప్రయత్నించాను. ఇంగ్లీషు శబ్దాలకి పుట్టిన ఆ గీతల్లో 'ళ'కీ 'ణ'కీ చోటు లేదు. ఇంటికొచ్చి చూసుకుంటే పద్యం కాదు, కోడి కెలికినట్టుంది. కానీ ఛందస్సు చెవికి పట్టింది. నిషిద్ధాక్షరిలో అవధాని వేయబోయే అక్షరాన్ని నేనూ మనసులో ఊహించుకుని, తప్పినప్పుడల్లా సంతోషించేదాన్ని.

బ్యాంకులో ఉద్యోగం వచ్చాక కోఠీ వైపు పనిపడితే సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి వెళ్ళేదాన్ని. 1901లో పెట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు, రావిచెట్టు రంగారావు వంటివాళ్ళు కలిసి నిలబెట్టారు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజధానిలో తెలుగు పుస్తకాల కోసం ఒక చోటు అన్నమాట. ఈ సుల్తాన్ బజార్ ప్రాంతం, అంటే అప్పటి రెసిడెన్సీ బజార్లు, నిజాం అధికారుల కింద కాక బ్రిటిష్ ప్రతినిధి అయిన రెసిడెంట్ అజమాయిషీలో ఉండేవని చదివాక, ఆ చోటే ఎందుకో నాకు కొంత అర్థమైంది. చుట్టూ చీరల షాపుల సందడి, లోపల ఫ్యాన్ చప్పుడు. నాకు ఆ రెండూ కావాలి, కాబట్టి ఇబ్బంది అనిపించలేదు. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న పెద్ద లైబ్రరీ వేరు. 1891లో అసఫియా పేరుతో మొదలైనది. భవనం చూస్తే చెప్పులు బయట విడిచి వెళ్ళాలనిపిస్తుంది. నేను అక్కడికి తక్కువే వెళ్ళాను.

ఒకప్పుడు ఇవన్నీ చుట్టాలంటే రెండు బస్సులు మారాలి. 2020 ఫిబ్రవరిలో మెట్రో గ్రీన్ లైన్ వచ్చాక చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్ బజార్ వరసగా స్టేషన్లయ్యాయి. మోకాళ్ళ నొప్పులు వచ్చాక రైలు వచ్చింది, ఏం చేస్తాం.

ఇప్పుడు చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్తే గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకి చదివే పిల్లలే ఎక్కువ. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల నుంచి, హాస్టళ్ళ నుంచి వస్తారు. భుజాన సంచి, వాటర్ బాటిల్, కరెంట్ అఫైర్స్ నోట్సు. నవలలున్న బీరువాల దగ్గర నాలాంటి వాళ్ళు ఇద్దరో ముగ్గురో. కొందరు పాతవాళ్ళు దీనికి విసుక్కుంటారు. నేను విసుక్కోను. నేను టైపు పరీక్ష కోసం ఊరి నుంచి వచ్చినట్టే వీళ్ళూ వచ్చారు. ఇరుకు గదిలో నలుగురితో ఉండేవాడికి కుర్చీ, ఫ్యాన్, నిశ్శబ్దం దొరకడం చిన్న విషయం కాదు. అయితే పక్క బీరువాలో ఏముందో వాళ్ళలో చాలామంది చూడరు, అదొక్కటే నా బాధ.

కార్డు తీసుకోవాలా వద్దా అని ఆలోచించేవాళ్ళకి ఒక మాట. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఓనర్లయితే ఆ డబ్బు మీరు ఎప్పుడో కట్టేశారు.

పోయిన నెల మా మేడ మీద అద్దెకుంటున్న నల్గొండ అబ్బాయి పొద్దున్నే లైబ్రరీకి వెళ్తున్నాడని తెలిసి, కార్డు ఉందా అని అడిగాను. "చదువుకోవడానికి కార్డు అక్కర్లేదు ఆంటీ, కుర్చీ దొరికితే చాలు" అన్నాడు. ఫారం నేనే తెప్పించి హామీదారు గడిలో సంతకం పెట్టి, ఇంటి పన్ను రసీదు జిరాక్స్ జత చేశాను. కార్డు వచ్చింది. పరీక్ష అయ్యేదాకా తనకి పుస్తకాలు వద్దట. ప్రస్తుతం ఆ కార్డు మీద ఉన్న రెండు నవలలూ నా టేబుల్ మీదే ఉన్నాయి.