ఒప్పందమా, రంపమా? ఆయుధాల ముప్పు తగ్గించడంలో పెంటగాన్ నడిచిన రెండు దారుల్లో ఏది మేలు

అణ్వాయుధాల గురించి ఎప్పుడు రాసినా తిరిగి తిరిగి ఒకే ప్రశ్న వస్తుంది. రష్యాతో లెక్కలూ తనిఖీలతో ఒప్పందాలు చేసుకోవడం మేలా, లేక అవతలివాళ్ల ఆయుధాలను అమెరికా డబ్బుతోనే దగ్గరుండి కోయించెయ్యడం మేలా? మొదటి దారిలో మధ్యశ్రేణి క్షిపణులను నిషేధించిన 1987 నాటి ఐఎన్‌ఎఫ్, దూరశ్రేణి అణ్వాయుధాలను తగ్గించిన 1991 నాటి స్టార్ట్, అదే బాటలో వచ్చిన 2010 నాటి న్యూ స్టార్ట్ ఒప్పందాలు ఉన్నాయి. రెండోది అమెరికా సెనేటర్లు శామ్ నన్, రిచర్డ్ లూగర్ పేర్లతో వచ్చిన ముప్పు తగ్గింపు కార్యక్రమం. బేరాలాడిందీ ఫొటోల్లో పడిందీ ఎక్కువగా విదేశాంగ శాఖవాళ్లు. తనిఖీలకు వెళ్లడం, డబ్బు విడుదల చేయడం, కాంట్రాక్టర్లతో తంటాలు పడటం మాత్రం రక్షణ శాఖ, అంటే పెంటగాన్ వంతు. 1998 అక్టోబరు నుంచి ఈ రెండు పనులూ డిఫెన్స్ థ్రెట్ రిడక్షన్ ఏజెన్సీ అనే ఒకే సంస్థ కిందకు వచ్చాయి. ఒకే కప్పు కింద ఉన్నవాటిని పోల్చడం తేలికే.

నేను పెట్టుకున్న కొలబద్ద ఒకటే: రెండు దేశాలూ మాట్లాడుకోవడం మానేసిన రోజున చేతిలో ఏం మిగులుతుంది? ఖర్చు, వేగం, పరువు లాంటివన్నీ నా దృష్టిలో దీని తర్వాతే.

ముందు ఒప్పందాల సంగతి. ఐఎన్‌ఎఫ్ కింద అమెరికా ఇన్‌స్పెక్టర్లు రష్యాలోని వోట్కిన్స్క్ క్షిపణి ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపురం పెట్టినంత పని చేశారు. నిషేధించిన ఎస్‌ఎస్-20 క్షిపణి మొదటి దశ, అనుమతి ఉన్న ఎస్‌ఎస్-25 మొదటి దశ పైకి ఒకేలా కనిపించేవి. అందుకే క్షిపణి పట్టేంత పొడవున్న వాహనం ఏది బయటికొచ్చినా దాన్ని చూడాల్సిందే. ఎక్స్‌రే లాంటి యంత్రం వాడకంపై 1990లో పెద్ద పేచీ కూడా వచ్చింది. అటు యూటా రాష్ట్రంలోని మాగ్నాలో సోవియట్ ఇన్‌స్పెక్టర్లు అలాగే మకాం వేశారు. గడువైన 1991 జూన్ 1లోగా రెండు వైపులా కలిపి 2,692 క్షిపణులు పోయాయి. ఒప్పందమంటే ఒట్టి కాగితమేగా అని తీసిపారేసేవాళ్లు ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకోవాలి.

స్టార్ట్ కింద అమెరికా కూడా తన బి-52 బాంబర్లను వందల సంఖ్యలో కోసేసింది. అరిజోనా ఎడారిలోని డేవిస్-మోంథన్ స్థావరంలో సుమారు ఆరు టన్నుల ఇనుప బ్లేడును క్రేన్‌తో పైకెత్తి విమానం మీద వదిలేవారు. రెక్కలు ఒక పక్క, తోక ఒక పక్క పడేవి. ఆ ముక్కలను వెంటనే తీసేయడానికి లేదు. అవతలివాళ్ల ఉపగ్రహాలు చూసుకోవడానికి వీలుగా 90 రోజులు ఆరుబయటే ఉంచాలి. తుక్కు సామాను ఎండలో పరిచి శత్రువుకు చూపించడం సైనికులకు ఎలా అనిపించి ఉంటుందో!

న్యూ స్టార్ట్‌కు వచ్చేసరికి పని మరీ సున్నితమైంది. ఇన్‌స్పెక్టర్లు ఒక క్షిపణిని ఎంచుకుంటే దాని ముందు భాగం తెరిచి చూపాలి. లోపలి వార్‌హెడ్ల (క్షిపణి మోసుకెళ్లే అణుబాంబుల) మీద ముసుగులుంటాయి. ముసుగుల లెక్కను బట్టి ఆ క్షిపణి మీద ఎన్ని ఉన్నాయో తేల్చుకోవాలి, అంతే. వాటి ఆకారం మాత్రం కనబడకూడదు. ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. పక్కవాళ్ల ఆయుధాలు లెక్కపెట్టడం సగం పనే. రష్యన్లు అమెరికా స్థావరానికి వచ్చినప్పుడు వాళ్లు చూడాల్సింది చూసి, చూడకూడనిది చూడకుండా వెళ్లేలా చేయడం మిగతా సగం. ఇలా మొత్తం 328 తనిఖీలు జరిగాయి.

ఇప్పుడు నా కొలబద్ద పెట్టి చూద్దాం. 2020 మార్చిలో కోవిడ్ వల్ల తనిఖీలు ఆగాయి, మళ్లీ మొదలు కాలేదు. 2023 ఫిబ్రవరిలో రష్యా తన పాత్రను నిలిపేసింది. ఒప్పందం గడువు 2026 ఫిబ్రవరి 5. మోహరించిన వార్‌హెడ్లు 1,550 దాటకూడదన్న పరిమితికి బలం ఆ తేదీ దాకానే. తనిఖీలతో తెలుసుకున్నదైతే అంతకుముందే పాతబడటం మొదలైంది. నిన్నటి లెక్క ఇవాళ్టికి కొంత పనికొస్తుంది, ఐదేళ్ల తర్వాత దాదాపు పనికిరాదు. ఐఎన్‌ఎఫ్ సంగతీ అంతే. 2019 ఆగస్టులో అది రద్దయ్యాక పాత క్షిపణులు తిరిగి రాలేదు గానీ కొత్తవి చేసుకోకుండా ఆపే కట్టు తెగిపోయింది.

ఇక రంపం. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ కుప్పకూలుతుండగా అమెరికా కాంగ్రెస్ రక్షణ బడ్జెట్ నుంచి 40 కోట్ల డాలర్ల దాకా ఈ పనికి మళ్లించడానికి ఒప్పుకుంది. అప్పటికి ఉక్రెయిన్, కజకిస్తాన్, బెలారుస్‌లలో వేల వార్‌హెడ్లున్నాయి. 1996 నవంబరు కల్లా మూడు దేశాలూ ఖాళీ అయ్యాయి. 1996 జూన్ 4న ఉక్రెయిన్‌లోని పెర్వోమైస్క్‌లో, అంతకుముందు క్షిపణులు నిలబెట్టిన నేలలో, అమెరికా, రష్యా, ఉక్రెయిన్ రక్షణ మంత్రులు ముగ్గురూ వంగి పొద్దుతిరుగుడు మొక్కలు నాటారు. ఫొటో కోసమే అనుకోండి, కానీ ఆ నేలలో మళ్లీ సైలో (క్షిపణిని నిలిపే భూగర్భ గొయ్యి) రాలేదు.

కజకిస్తాన్‌లోని ఉస్త్-కమెనోగోర్స్క్ ఫ్యాక్టరీలో సుమారు 600 కిలోల ఆయుధ స్థాయి యురేనియం ఉందని తెలిసింది. 1994లో చిన్న బృందం ఒకటి వెళ్లి దాదాపు ఆరు వారాలు కూర్చుని డబ్బాల్లో సర్ది, సీ-5 సరుకు విమానాల్లో అమెరికాకు తెచ్చి, టెనసీలోని ఓక్ రిడ్జ్ అణు కేంద్రానికి చేర్చింది. ఆ 600 కిలోల మీద ఇక ఎవరి సంతకమూ అక్కర్లేదు, దేని గడువూ తీరదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవడమంటే ఇదే.

అలాగని ఈ దారిలో తప్పులు లేవని కాదు. రష్యాలో క్షిపణుల ద్రవ ఇంధనాన్ని వదిలించడానికి పెంటగాన్ సుమారు 10 కోట్ల డాలర్లు పోసి ఒక కేంద్రం కట్టించింది. తీరా చూస్తే రష్యన్లు ఆ ఇంధనాన్ని అంతరిక్ష ప్రయోగాలకు వాడేశారు. ఇంధనం ఇచ్చి తీరాలన్న షరతు గట్టిగా రాసుకోలేదు. అంటే రంపం పట్టినవాళ్లకు కూడా ఒప్పందం రాయడం వచ్చి ఉండాలి! ఇంకో గొడవ ఇళ్లది. క్షిపణి దళాలను రద్దు చేయాలంటే ఆ అధికారులకు ఉండటానికి చోటు చూపాలి. అందుకని అమెరికా డబ్బుతో ఇళ్లు కట్టారు. మన పన్నులతో వాళ్లకు ఇళ్లా అని కాంగ్రెస్‌లో చాలామందికి మింగుడు పడలేదు, తర్వాత ఆ ఖర్చును ఆపించారు కూడా. నాకైతే అది దండగ ఖర్చు అనిపించదు. ఇల్లు లేని అధికారి స్థావరం వదిలి ఎక్కడికి పోతాడు?

ఇక్కడ ఎప్పుడూ ఎదురయ్యే మాట ఒకటుంది: అణ్వాయుధాలు వదులుకోబట్టే కదా ఉక్రెయిన్‌కు ఈ గతి పట్టింది? వాటి ప్రయోగ నియంత్రణ కీవ్ చేతిలో లేదు, మాస్కో దగ్గరే ఉంది. పోయిన ఆయుధాలకు బదులుగా, ఉక్రెయిన్ సరిహద్దులను గౌరవిస్తామని ఇచ్చిన 1994 బుడాపెస్ట్ హామీ నిలబడలేదన్నది నిజం. అది హామీ ఇచ్చినవాళ్ల తప్పు, కోసినవాళ్లది కాదు.

మిగతా దారులకు పెద్దగా చోటివ్వను. 1991లో బుష్, గోర్బచేవ్ ఎవరికి వారు ప్రకటించి తక్కువ దూరపు అణ్వాయుధాలను వెనక్కి తీసుకున్నారు. చకచకా జరిగింది గానీ తనిఖీ లేదు కాబట్టి అవతలివాళ్లు ఎంతవరకు చేశారో నమ్మకమే ఆధారం. క్షిపణి రక్షణ కవచం ముప్పును కాచుకోవడమే తప్ప తగ్గించడం కాదు. ఎగుమతి నియంత్రణలు కావాలి, అవి మాత్రమే చాలవు.

కాబట్టి నా ఓటు రంపానికే. కాకపోతే రెండు మెలికలున్నాయి. ఒకటి, స్టార్ట్ ఒప్పందం ‘ఇన్ని తగ్గించాలి’ అని చెప్పకపోతే నన్-లూగర్ డబ్బుకు కోయాల్సిన సైలో ఉండేదే కాదు. రెండోది అసలు చిక్కు: ఈ దారి అవతలివాడు డబ్బుకు కటకటలాడుతున్నప్పుడే తెరుచుకుంటుంది. మాస్కో కోలుకుంది, ఈ కార్యక్రమానికి ఆధారమైన ఒప్పందాన్ని ఇక పొడిగించబోమని 2012లోనే చెప్పేసింది, మరుసటి ఏడాది అది ముగిసింది. అప్పటి నుంచి ఈ కార్యక్రమం వేరే చోట్ల బతికింది. 2014లో మధ్యధరా సముద్రంలో కేప్ రే అనే ఓడ మీద సుమారు 600 టన్నుల సిరియా రసాయనాలను నిర్వీర్యం చేయడం అందులో బాగా చెప్పుకోదగ్గది.

మరి చైనా సంగతి అని అడుగుతున్నవాళ్లకు: అక్కడ రెండు దారులూ మూసుకునే ఉన్నాయి. బీజింగ్‌కు డబ్బు అక్కర్లేదు, తన ముసుగులు ఎత్తి చూపించే ఉద్దేశమూ లేదు. అలాంటప్పుడు తనిఖీల గురించి బేరం మొదలుపెడితే అది మొదటి రోజే ఆగిపోతుంది. నేనైతే క్షిపణి ప్రయోగానికి ముందు ఒకరికొకరు కబురు పెట్టుకునే ఒప్పందంతో మొదలుపెడతాను. అమెరికా, మాస్కోల మధ్య అలాంటిది 1988 నుంచి ఉంది. రష్యాతో చైనా కూడా 2009లో అలాంటిదే చేసుకుంది.