విక్ట్రాన్ స్మార్ట్ బ్యాటరీ ప్రొటెక్ట్ 65: ఆపిన మోటార్‌హోమ్‌లో ఫ్రిజ్‌కు కాపలా

బ్యాటరీ మరీ ఖాళీ కాకుండా కరెంటు సరఫరాను తనంతట తానే ఆపే స్విచ్ ఇది. కంప్రెసర్ ఫ్రిజ్ ఉన్న మోటార్‌హోమ్‌కు కొనదగ్గదే. లీజర్ బ్యాటరీకీ (ఇంజిన్‌కు కాక లోపలి పరికరాలకు కరెంటిచ్చే బ్యాటరీ) ఫ్రిజ్‌కూ మధ్య బిగిస్తే, వోల్టేజి మనం పెట్టిన హద్దు కిందికి పడిపోయి 90 సెకన్లు అలాగే ఉన్నాక సరఫరా ఆపేస్తుంది. కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో వోల్టేజి కాస్త జారుతుంది కాబట్టి ఆ ఆలస్యం చాలా అవసరం. తాను వాడుకునేది ఒకటి రెండు మిల్లీఆంపియర్లు మాత్రమే.

కంపెనీ పెట్టిన 10.5 వోల్టుల సెట్టింగును మాత్రం అలాగే వదలొద్దు. లెడ్ యాసిడ్ బ్యాటరీ అప్పటికే దాదాపు ఖాళీ అయిపోతుంది. బ్లూటూత్ యాప్‌లో ఆగేది 12.0, మళ్లీ కలిసేది 13.0 పెట్టండి. లోడు తీయగానే బ్యాటరీ వోల్టేజి కొంచెం లేస్తుంది. రెండు అంకెలూ దగ్గరగా ఉంటే ఫ్రిజ్ పదేపదే ఆగి మొదలవుతుంది. ఇన్, అవుట్ వైర్లు తారుమారు కానీయకండి, ఛార్జింగ్ కరెంటును దీని గుండా వెనక్కి పంపకండి.

గ్యాస్‌తోనూ నడిచే త్రీవే ఫ్రిజ్‌కు ఇది సరైన మందు కాదు. అది వేడితోనే చల్లబరిచే రకం, 12 వోల్టుల మీద దాని హీటర్ ఆగకుండా 10 నుంచి 14 ఆంపియర్లు లాగుతుంది. 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలో వాడదగ్గ సగం నాలుగైదు గంటల్లో హరించుకుపోతుంది. అక్కడ 30 ఆంపియర్ల డి ప్లస్ రిలే, అంటే ఆల్టర్నేటర్ సంకేతంతో ఇంజిన్ నడుస్తుంటేనే కలిసే స్విచ్, వేయించండి. వోల్టేజి చూసి కలిసే రిలే వద్దు, సోలార్ ప్యానెల్ ఉంటే ఎండకే బ్యాటరీ వోల్టేజి పెరిగి, ఇంజిన్ ఆగి ఉన్నా అది కలిసిపోతుంది.